అందరికంటే గొప్ప గిటారిస్టు ఎవరు: మీ గది పందేనికి నా తీర్పు

తిరుపతి బాలాజీ కాలనీలో ఒకే గదిలో ఉంటున్న మీ ముగ్గురి మధ్య జరిగిన వాదాన్ని మీరు వివరంగా రాశారు. ఒకరు జిమీ హెండ్రిక్స్ అన్నారు; ఏ జాబితా చూసినా ఆయన పేరే మొదట ఉంటుందన్నది వారి కారణం. రెండవవారు వేగాన్ని చూపించి ఎడ్డీ వాన్ హేలెన్ అన్నారు. మీరు ఎరిక్ క్లాప్టన్ అన్నారు. ఓడినవారు మిగిలినవారికి రాత్రి భోజనం పెట్టాలన్నది పందెం. ఈ పేర్లలో మనవారు ఒక్కరూ ఎందుకు లేరన్న ప్రశ్నను కూడా చివర చేర్చారు. నేను ఈ ఊళ్లో ముప్ఫై ఏళ్లుగా గిటార్ నేర్పుతున్నాను. అంతకుముందు పదేళ్లు పెళ్లిళ్లలోనూ గంగమ్మ జాతర రాత్రుల్లోనూ ఆర్కెస్ట్రాలో వాయించాను. ఈ వాదం నా ఎదుట ఎన్నిసార్లు జరిగిందో లెక్క లేదు కనుక, తీర్పు చెప్పడానికి నాకు మొహమాటం లేదు. అయితే మీ ముగ్గురి కారణాలనూ ముందు కొంచెం కదిపి చూడవలసి ఉంది.

మొదట జాబితాల సంగతి. అందరూ ఉదహరించేది రోలింగ్ స్టోన్ అనే అమెరికా సంగీత పత్రిక జాబితాలనే కాబట్టి వాటినే తీసుకుందాం. ఆ పత్రిక 2003లో ఒకటి, 2011లో ఒకటి, 2023లో ఒకటి ప్రకటించింది. వాన్ హేలెన్ 2003లో 70వ స్థానంలో ఉన్నాడు, 2011లో 8వ స్థానానికి వచ్చాడు, 2023లో 4వ స్థానానికి చేరాడు. 2003కూ 2011కూ మధ్య ఆయన బృందం ఒక్క కొత్త స్టూడియో ఆల్బమ్ కూడా విడుదల చేయలేదు. అంటే ఆయన వాయించినది మారలేదు, విన్నవారు మారారు. క్లాప్టన్ కథ దీనికి తలకిందులు: 2003లో 4, 2011లో 2, 2023లో 35. మొదటి జాబితా ఒక విమర్శకుడి ఎంపిక, రెండవదానికి గిటారిస్టులను కూర్చోబెట్టి ఓట్లు వేయించారు, మూడవది వచ్చేసరికి కాలం అభిరుచి వేరైంది. మూడింటిలోనూ కదలకుండా ఉన్నది హెండ్రిక్స్ మొదటి స్థానం ఒక్కటే. కాబట్టి మీ మొదటి మిత్రుడు సరైన పేరే చెప్పారు కానీ, జాబితాలో ఉంది గనుక గొప్పవాడనడం, పరీక్షలో పక్కవాడి జవాబు చూసి రాయడం వంటిదే. ఆ జవాబు ఎలా వచ్చిందని అడిగితే ఆయన చెప్పలేరు.

నేను వాడే కొలత వేరు. అది గిటార్ పుస్తకాల్లో దొరికినది కాదు, ఈ ఊళ్లో కచేరీలు వింటూ పెరిగినందువల్ల వచ్చినది. మన పెద్దవారిని వైణికుల్లో ఎవరు గొప్ప అని అడిగి చూడండి. వారు ఒకటి, రెండు, మూడు అని లెక్క చెప్పరు. తంజావూరు బాణీ అంటారు, మైసూరు బాణీ అంటారు, ఆంధ్ర బాణీ అంటారు, ఆపైన ఆ బాణీకి ఎవరు ఏమి చేర్చారో చెబుతారు. బాణీ అంటే ఒక మనిషి శైలి మాత్రమే కాదు; ఆ మనిషి పోయిన తరువాత కూడా, ఆయనను ఎన్నడూ విననివాడి వేళ్లలో సైతం బతికి ఉండే పద్ధతి. గిటారిస్టును కూడా నేను ఈ రెండే ప్రశ్నలు అడుగుతాను. ఈయన రాకముందు ఈ వాద్యం మీద లేనిది, వచ్చాక ఉన్నది ఏమిటి? ఈయన పేరు కూడా తెలియని కుర్రవాడు ఈ రోజు చిత్తూరులో గిటార్ పట్టుకుంటే, తనకు తెలియకుండానే ఈయన లాగా వాయిస్తున్నాడా?

ఈ కొలతతో చూస్తే మీరెవ్వరూ పేరెత్తని ఒక మనిషి ముందుకు వస్తాడు. ఆయన అమెరికా జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్. 1916లో పుట్టి, 1942లో క్షయ వ్యాధితో, పాతికేళ్ల వయసులో పోయాడు. ఆయనకు ముందు పెద్ద జాజ్ బృందాల్లో గిటార్ స్థానం ఏమిటో ఊహించండి: పక్కన ట్రంపెట్లు, శాక్సఫోన్లు, డ్రమ్ములు; ఆ మోతలో చెక్క డొల్ల నుంచి వచ్చే తీగ శబ్దం ఎవరికీ వినబడదు. అందుచేత గిటారిస్టు ఒక మూలన కూర్చుని తాళానికి సరిపడా కార్డులు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులు, మీటుతూ ఉండేవాడు. తీగ కదలికను విద్యుత్తుగా మార్చే పికప్ బిగించిన గిటార్‌తో క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరి, శాక్సఫోన్ వాయించేవాడు ఊదే పొడవైన స్వర వాక్యాలను ఒక్కొక్క తీగ మీద పలికించాడు. ఎలక్ట్రిక్ గిటార్‌ను ఆయన కనిపెట్టలేదు. దానితో ఏం మాట్లాడాలో చూపించాడు. ఆ బృందంలో ఆయన ఉన్నది సుమారు రెండేళ్లు. మనం ఈ రోజు ‘సోలో’ అని పిలిచేది, సినిమా పాట చరణాల నడుమ వచ్చే గిటార్ బిట్టుతో సహా, ఆ రెండేళ్ల అప్పే. నా శిష్యుల్లో నూటికి తొంభైమంది ఆయన పేరు వినలేదు, అందరూ ఆయన భాషే మాట్లాడుతున్నారు. బాణీ అంటే నా లెక్కలో ఇది.

అలాగైతే హెండ్రిక్స్ ఎందుకు ఆయన కంటే పైన? 1942లో సియాటిల్‌లో పుట్టి, 1970 సెప్టెంబరులో లండన్‌లో 27 ఏళ్లకే మరణించిన ఈ మనిషి, తన జీవితకాలంలో విడుదల చేసిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే. ఆ మూడూ 1967, 1968 సంవత్సరాల్లోనే వచ్చాయి. ఆయన ఎడమచేతివాటం మనిషి కావడంతో కుడిచేతివారి కోసం చేసిన స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ను తలకిందులు చేసి, తీగలను తన చేతికి అనువుగా తిరిగి బిగించుకున్నాడు. ఆ గిటార్‌లో తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరి పికప్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి, వాద్యం తిరగబడేసరికి మంద్ర తీగల ధ్వని గట్టిగా, స్పష్టంగా, పై తీగల ధ్వని కొంచెం మెత్తగా మారింది. పొడవైన బొటనవేలిని గిటార్ మెడ మీదుగా పైకి తెచ్చి మంద్ర స్వరాలు నొక్కేవాడు. దాంతో మిగిలిన నాలుగు వేళ్లకూ స్వేచ్ఛ దొరికి, కార్డు పట్టిన చోటనే చిన్న చిన్న స్వర అలంకారాలు కూడా పలికేవి. తాళానికి ఒకరు, సోలోకు ఒకరు అని గిటారిస్టులను విడదీసే అలవాటు ఆ చేతిలో పనికిరాకుండా పోయింది. మీ మిత్రులు ఆయన సోలోలు విని ఉంటారు. నేను మాత్రం ఆయన నెమ్మది పాటల్లో గొంతు వెనుక నడిచే గిటార్‌ను వినమంటాను. నలభై ఏళ్లుగా దానిని నేర్చుకుంటూనే ఉన్నాను, ఇంకా నా చేతికి పూర్తిగా రాలేదు.

ఇక హెండ్రిక్స్ గిటార్ మోత సంగతి. జాతరల్లో వాయించే మాకు మైకు కూయడం అంటే ఎంత భయమో సౌండ్ బాక్సులు పెట్టేవారిని అడగండి. గిటార్‌లోనూ జరిగేది అదే. గిటార్ ధ్వనిని పెంచే యాంప్ నుంచి వచ్చిన శబ్దం గాలిలో వచ్చి తీగను తిరిగి కదిలిస్తుంది, ఆ కదలిక పికప్ ద్వారా మళ్లీ యాంప్‌కు చేరుతుంది, ఆ చక్రం ఆగకుండా తిరుగుతూ కూతగా మారుతుంది. ఆ కూతను హెండ్రిక్స్‌కు ముందే ఇంగ్లండులో పీట్ టౌన్‌షెండ్, జెఫ్ బెక్ వంటివారు వాడారు, కాబట్టి అది ఆయన కనిపెట్టినదని ఎవరైనా అంటే నమ్మకండి. అయితే యాంప్‌కు ఎంత దూరంలో, ఏ కోణంలో నిలబడితే ఏ స్వరం నిలుస్తుందో ఆయనకు ఒంటికి తెలుసు. మీటిన మరుక్షణమే చావడం మొదలుపెట్టే తీగ స్వరం, ఆయన చేతిలో నాదస్వరం లాగా సాగి, నిలిచి, వంగి, అవసరమైనప్పుడు మాత్రమే ఆగింది. 1969 ఆగస్టులో అమెరికాలోని వుడ్‌స్టాక్ సంగీతోత్సవ వేదిక మీద అమెరికా జాతీయ గీతాన్ని వాయిస్తూ, దాని నడుమ బాంబుల శబ్దాలనూ, ఆర్తనాదాలనూ ఆ తీగల నుంచే రప్పించాడు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. మాట ఒక్కటి కూడా లేకుండా అంత మాట చెప్పిన గిటార్ మరొకటి నాకు తెలియదు. ఆయన తరువాత గిటారిస్టు అంటే తీగలు మీటేవాడు మాత్రమే కాదు. యాంప్, కాలితో నొక్కి ధ్వనిని మార్చే పెడల్, గది, గాలి అన్నీ ఆయన వాద్యంలో భాగాలే అయ్యాయి. క్రిస్టియన్ వాద్యానికి గొంతునిచ్చాడు, హెండ్రిక్స్ ఆ వాద్యం సరిహద్దులనే మార్చాడు. ఆ వెంట్రుకవాసి తేడాతోనే నేను హెండ్రిక్స్‌ను పైన పెడతాను.

బి.బి. కింగ్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మా వీధిలో పిల్లలకు వీణ నేర్పే పెద్దావిడ ఒకరు ఉండేవారు. ఒక సాయంత్రం నేను టేప్ రికార్డరులో కింగ్ క్యాసెట్ వేసుకుని వింటుంటే, ఆవిడ గుమ్మంలో ఆగి కాసేపు విని, “ఏమప్పా, ఆ గాంధారాన్ని అట్లా నిలబెట్టి పలికిస్తా ఉండాడే, ఎవురి దగ్గర నేర్చుకున్నాడు ఈయన?” అని అడిగారు. ఆవిడ చెవి పట్టుకున్నది సరిగ్గా కింగ్ వాయించే బ్లూస్‌కు, అంటే అమెరికా నల్లజాతివారి సంగీతానికి, ఆయువుపట్టు. ఆ సంగీతంలో గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. గిటార్ మెడ మీది ఏ మెట్టు మీదా దొరకదు, తీగను పక్కకు లాగితేనే దొరుకుతుంది. మిసిసిపీ పత్తి చేలల్లో పెరిగిన కింగ్‌కు, సీసా మూతిని వేలికి తొడిగి తీగ మీద జార్చే పద్ధతి పట్టుబడలేదు. ఆ జారుడు శబ్దాన్ని వట్టి వేళ్లతోనే సాధించాలని చేతిని వణికించి, తీగను లాగి, తనదైన వైబ్రాటోను తయారు చేసుకున్నాడు. ఆయన పాడుతూ వాయించేవాడు కాదు. ఒక పాదం పాడి, దానికి గిటార్‌తో జవాబు చెప్పేవాడు. రెండు స్వరాలు వినగానే ఆయనేనని గుర్తుపట్టవచ్చు. లాగిన తీగను శ్రుతిలో నిలపడం వేగంగా పది స్వరాలు వాయించడం కంటే కష్టమని నా శిష్యులకు నేను ఎంత చెప్పినా, ఏడాది గడిచేదాకా ఎవరూ నమ్మరు.

వేగం మాట వచ్చింది కాబట్టి మీ రెండవ మిత్రుడికి జవాబు. వాన్ హేలెన్ గొప్పతనం వేగంలో లేదు. కుడిచేతి వేలిని కూడా మెట్ల మీదకు తెచ్చి తట్టే పద్ధతిని ఆయనకు ముందే స్టీవ్ హ్యాకెట్ వంటివారు వాడారు. 1978లో మొదటి ఆల్బమ్‌తో ఆయన దానికి ఒక వ్యాకరణం కల్పించాడు, మరునాటి నుంచి ప్రపంచంలోని సంగీత దుకాణాలన్నిటిలో కుర్రవాళ్లు మెట్లను తట్టడం మొదలుపెట్టారు. తన గిటార్‌ను తానే కోసి, అతికించి, రంగు పూసి తయారుచేసుకున్నాడు. కనుక నా కొలతలో కూడా ఆయనది బాణీయే. కానీ కేవలం వేగమే కొలత అయితే, ఫోన్‌లో కనబడే పదిహేనేళ్ల పిల్లలు ఆయనను ఎప్పుడో దాటిపోయారు, వారిలో ఎందరి స్వరం కళ్లు మూసుకుని గుర్తుపట్టగలరో ఆలోచించండి. మూడవ కాలంలో స్వరకల్పన చేసినప్పుడు మనవారు చప్పట్లు కొడతారు, నిజమే. అయినా వీణ ధనమ్మాళ్‌ను ఇప్పటికీ తలచుకునేది వేగానికి కాదు. మీటడానికి గోళ్లు కూడా తొడగకుండా, వట్టి వేళ్లతో, పక్కన కూర్చున్నవారికి మాత్రమే వినబడేంత మెల్లగా వాయించిన సౌఖ్యానికి. జెఫ్ బెక్ కూడా తీగ మీటే పిక్ వదిలేసి వట్టి వేళ్లకు మారాడు. 2001లో ఆయన వాయించిన ‘నాదియా’ అనే పాట వినండి. నితిన్ సాహ్నీ స్వరపరచిన ఆ పాటలోని గాత్ర గమకాలను ఒక తెల్లవాడు వేలికి తొడిగి తీగ మీద జార్చే స్లైడుతో ఎంత దగ్గరగా తెచ్చాడో మన చెవులకే బాగా తెలుస్తుంది.

ఇప్పుడు మీ క్లాప్టన్. ఇది రాయడం నాకూ ఇష్టం లేదు, ఎందుకంటే మద్రాసు నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చుకున్న ఆయన క్యాసెట్‌ను తిప్పి తిప్పి విని, టేపు అరిగిపోయేదాకా నేర్చుకున్నవాడిని నేను. అయితే ఆ స్వర వాక్యాల్లో అధిక భాగం బి.బి. కింగ్, ఫ్రెడ్డీ కింగ్, ఆల్బర్ట్ కింగ్ అనే ముగ్గురు నల్లజాతి కళాకారుల సొత్తు. ఆ విషయం ఆయన ఎన్నడూ దాచలేదు. ఆయన చేర్చినది ఒకటి ఉంది, దానిని తక్కువ చేయకూడదు. 1966లో బ్లూస్ గాయకుడు జాన్ మేయల్‌తో చేసిన ఆల్బమ్‌లో లెస్ పాల్ గిటార్‌ను మార్షల్ యాంప్‌కు కలిపి, శబ్దం పగిలేంత పెంచి వాయించాడు. రాక్ గిటార్ ధ్వని ఇలా ఉండాలన్న తలపు అక్కడి నుంచే గట్టిపడింది. అది ధ్వనిలో బాణీ, భాషలో కాదు. మొదటి పదిమందిలో ఉంచుతాను కానీ మొదటి స్థానం ఇవ్వలేను.

జాబితాల వల్ల మరుగున పడేవారు మరికొందరు ఉన్నారు. జాంగో రైన్‌హార్ట్‌కు 1928లో తాను కాపురముంటున్న బండి అంటుకుని ఎడమచేతి చివరి రెండు వేళ్లు పనికిరాకుండా పోయాయి. మిగిలిన వేళ్లతోనే ఆయన యూరప్ జాజ్‌కు సొంత గొంతును తెచ్చాడు. నా వరుసలో ఆయన మూడవవాడు. సిస్టర్ రోసెటా థార్ప్ 1940లలోనే భక్తి గీతాలకు ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని, తరువాత రాక్ అండ్ రోల్ అని పేరు వచ్చినదంతా వాయించేసింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెను చేర్చుకోవడానికి 2018 దాకా పట్టింది. 2003 నాటి వందమంది జాబితాలో ఆడవారు ఇద్దరే ఉన్నారంటే, తప్పు ఎవరి చెవిలో ఉందో వేరే చెప్పనక్కరలేదు. సెగోవియానూ, పాకో దె లూసియానూ ఈ పోటీలోకి నేను తీసుకురాను. ఒకరు సాంప్రదాయ గిటార్‌ను కచేరీ మందిరాలకు ఎక్కించినవారు, ఇంకొకరు స్పెయిన్ ఫ్లమెంకో సంగీతాన్ని తిరగరాసినవారు. వారిని హెండ్రిక్స్ పక్కన నిలబెట్టి కొలవడం మృదంగాన్నీ డోలునూ ఒకే తక్కెడలో వేయడం అవుతుంది.

చివరిగా, మనవారు ఎందుకు లేరు? ఉన్నారు, లెక్కపెట్టే పద్ధతే మనవారికి సరిపడదు. బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్‌ను ఒడిలో పడుకోబెట్టి, స్లైడుతో హిందుస్థానీ రాగాలు పలికించాడు. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి చేసిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ విన్నవారికి అది తెలుసు. ఆ దారినే విశ్వమోహన్ భట్ గిటార్‌కు అనునాద తీగలు చేర్చి మోహన వీణ అని పేరు పెట్టి, అమెరికా గిటారిస్టు రై కూడర్‌తో చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ అందుకున్నాడు. గిటార్‌ను నిలువుగా పట్టుకోనంత మాత్రాన వీరు గిటారిస్టులు కాకుండా పోతారా? ఇక ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్ సంగతి చూడండి. 1970లలో ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్‌లతో శక్తి బృందం కట్టినప్పుడు, మామూలు గిటార్ మీద మన గమకం పలకదని తెలుసుకుని, మెట్ల నడుమ చెక్కను లోపలికి చెక్కించి, అడ్డంగా శ్రుతి తీగలు బిగించిన గిటార్‌ను ప్రత్యేకంగా చేయించుకున్నాడు. వీణ మీద మైనంలో నిలబెట్టిన ఎత్తైన మెట్లు చేసే పనినే ఆ చెక్కుడు చేస్తుంది. వేలికి అడుగున చెక్క తగలదు కాబట్టి తీగ స్వేచ్ఛగా లాగబడుతుంది. ఇదే మెక్‌లాగ్లిన్ తరువాతి కాలంలో పక్కన కూర్చోబెట్టుకుని వాయించినది మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్‌ను. ఆయన వాద్యం గిటార్ కాదు కాబట్టి పందెంలో చేర్చను, లేకపోతే ఈ సమాధానం ఇంత పొడవు అయ్యేది కాదు.

మీ తరానికీ నా తరానికీ చెవిలో గిటార్ పోసినవారు మాత్రం వేరే ఉన్నారు, వారు బొంబాయి, మద్రాసు స్టూడియోల్లో రోజుకూలి లాగా వాయించి వెళ్లిన కళాకారులు. ‘దమ్ మారో దమ్’ గిటార్ వాయించినది గాయకుడు భూపిందర్ సింగ్ అని ఎందరికి తెలుసు? 1982 నాటి ఇళయరాజా తమిళ పాట ‘ఇళయ నిలా’ పల్లవికి ముందు వచ్చే గిటార్‌ను మా ఆర్కెస్ట్రా రోజుల్లో వాయించలేనివాడికి పని దొరికేది కాదు. దానిని వాయించిన ఆర్. చంద్రశేఖర్ పేరు నాకు తెలిసింది ఎన్నో ఏళ్ల తరువాత. క్యాసెట్ అట్ట మీద గాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు, కవి పేరు ఉండేవి, తీగ మీటినవాడి పేరు ఉండేది కాదు. పేరే లేనివారిని ఏ జాబితాలో చేర్చాలి?

కాబట్టి నా వరుస హెండ్రిక్స్, క్రిస్టియన్, జాంగో, బి.బి. కింగ్, ఆ తరువాత వచ్చేవారికి నేను అంకెలు వేయను. పందెం గెలిచినది మీ మొదటి మిత్రుడే. అయితే కారణం చెప్పలేక జాబితా చూపించాడు కనుక ఆయన తిన్నదానికి ఆయనే డబ్బు ఇచ్చుకోవాలి. వాన్ హేలెన్ తరఫున వాదించినవారి భోజనం మీరు పెట్టండి, మీ భోజనం ఆయన పెడతారు.